వేడికి ఆగే సీలు

సాయంత్రం ఆసుపత్రి పంపు షాఫ్టుకు నేను తొడిగిన నల్ల రబ్బరు ఆయిల్ సీలు, రాత్రి చూస్తే మాడి గట్టిపడి ఉంది. తెల్లారేలోగా వార్డులకు నీళ్లు ఎక్కాలి.

"పంపు వేశావా?" అని మా బావమరిదిని అడిగాను. అక్కడ ఆపరేటరు అతనే.

"సాయంత్రం నుంచీ కరెంటే లేదు. నోటితో ఊది తిప్పాలా బావా?"

షాఫ్టును తాకాను. చురుక్కుమంది.

ఇంత వేడికి నల్ల రబ్బరు ఆగదు, వైటాన్ అనే గోధుమరంగు రబ్బరు ఆగుతుంది. సన్నని అంచు నూనె వైపు ఉండేలా కొత్త సీలును నిబ్బరంగా తట్టి కూర్చోబెట్టాను.

చేయి తీశానో లేదో, షాఫ్టు మెల్లగా తిరగసాగింది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు. టార్చి వేసి చూశాను. ఒక్క చుక్క నూనె కారడం లేదు.

"కరెంటు రాలేదు బావా... ఆపమంటావా?"

"ఉండనీ. ట్యాంకు నిండనీ."

ఆ మాట విన్నట్టే షాఫ్టు వేగం పెంచింది.