మలుపు దగ్గర మనిషి

"మీ వీధిలో భద్రతకు పదికి ఎన్ని మార్కులు వేస్తారండీ?"

నగరంలో ఏ పేట ఎలా ఉందో ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్న సర్వే అమ్మాయి, కలం పట్టుకుని ఎదురుచూసింది.

"లెక్కల టీచర్నే అనుకో, అయినా పదికి పదకొండు వేస్తా!" నవ్వింది టీచరు. వీధి సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. "మేం వచ్చి ఆరేళ్లయిందమ్మా. ఒక్క యాక్సిడెంటు లేదు. పిల్లలు రోడ్డు మీదే ఆడుకుంటారు."

"మరి సమస్యలేమైనా?"

టీచరు వీధి చివరి మలుపు వైపు చెయ్యి చూపించింది.

అక్కడ పిట్టగోడ మీద ఒక నడివయసు మనిషి కూర్చున్నాడు. మాసిన చొక్కా, మెడలో ఈల.

బండి చప్పుడు వినబడగానే లేచి ఈల ఊదాడు. చేతులు అడ్డంగా చాపి కారును ఆపేశాడు. అవతలి నుంచి ఇద్దరు పిల్లలు సైకిళ్ల మీద దాటాకే పక్కకు తప్పుకున్నాడు.

"ఎవరాయన?"

"ఎవరికి తెలుసు! మా వీధివాడు కాదు. పొద్దున్నే వస్తాడు, చీకటి పడితే పోతాడు. టీ ఇచ్చినా ముట్టడు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. కొత్తగా వచ్చేవాళ్లు చూస్తే మా వీధి గురించి ఏమనుకుంటారు, చెప్పు?"

సర్వే కాగితంలో 'సమస్యలు' అన్న చోట ఇరవై ఆరు ఇళ్లవాళ్లు అతని గురించే రాయించారు.

టీచరు ఆ ఇరవై ఆరు ఇళ్ల సంతకాలూ తీసుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది.

మర్నాడే కానిస్టేబుల్ వచ్చాడు.

"ఇక్కడ నీకేం పనయ్యా?"

"ఈ మలుపు మంచిది కాదు సార్. ఆ మూలింటి ఎత్తు గోడ అడ్డం. వచ్చే బండి కనపడదు."

"అది చూసుకోడానికి మేం లేమా? అడ్రసు చెప్పు. మళ్లీ కనిపించావంటే లోపలేస్తా."

అతను బెదరలేదు. అడ్రసు చెప్పి, టీచరు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"నేను పోతానమ్మా. నా బదులు ఇంకెవరినైనా పెట్టండి. కనీసం స్కూలు వదిలే వేళకి."

"సరే సరే, ముందు నువ్వు కదులు బాబూ."

వెనక్కి చూసుకుంటూనే వెళ్లాడు.

పీడ విరగడైందన్నారు అందరూ. వీధికి కళ వచ్చిందన్నారు. అతని బదులు మాత్రం ఎవరినీ పెట్టలేదు.

తొమ్మిదో రోజు సాయంత్రం మలుపు దగ్గర ధడేల్మని చప్పుడు.

టీచరు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది.

పాల వ్యాను కింద సైకిలు. పక్కనే, కదలకుండా, తన మనవరాలు.

"గోడ అడ్డమండీ... పాప కనపడలేదండీ..." వ్యాను డ్రైవరు తల బాదుకుంటున్నాడు.



పాప ప్రాణం దక్కింది. కాలు రెండుచోట్ల విరిగింది.

ఆస్పత్రి వరండాలో కానిస్టేబుల్ తల దించుకుని చెప్పాడు.

"మా స్టేషన్ పాత హెడ్ కానిస్టేబుల్ ఇవాళే చెప్పాడు మేడమ్. ఎనిమిదేళ్ల కిందట అదే మలుపులో ఒక పాప లారీ కింద పడి పోయిందట."



"అయితే ఆయన... ఆ పాప తండ్రా?"

"అంతే అయ్యుంటుంది మేడమ్."

కడుపుకోతతో కాపలా కాసిన మనిషినా మనం తరిమేసింది! టీచరుకు ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని ఆ అడ్రసుకు వెళ్లింది.

ఒంటిగది ఇల్లు. కుట్టుమిషను ముందు ఒక పెద్దావిడ.

"నేను వాడి అక్కనమ్మా. వాడు ఇంట్లో లేడు. 'నన్ను అక్కడ ఉండొద్దన్నారక్కా' అని ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచేశాడు. తెల్లారి చూస్తే లేడు. ఎక్కడికి పోయాడో, ఏమయ్యాడో."

టీచరు ఆవిడ చేతులు పట్టుకుంది.

"తప్పయిపోయిందమ్మా. ఆయన బిడ్డ పోయిన చోటని మాకు తెలీదు."

అక్క విస్తుపోయి చూసింది.

"బిడ్డేమిటమ్మా? వాడికి పెళ్లే కాలేదు."

ఎవరి వైపూ చూడకుండా, మెల్లగా అంది:

"జైలు నుంచి వచ్చిన మర్నాడే వెళ్లి అక్కడ కూర్చున్నాడు... ఆ రోజు లారీ నడిపింది వాడే."