ఒక్క ఆకు కూడా

ద్రాక్షతోటల మెందోసాలో టూరు బస్సెక్కిన దోన్ బసీలియో కుంటుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. అది మిర్తా సీటు. బ్యూనస్ ఎయిర్స్ నుంచి ఆవిడ అందులోనే వస్తోంది. లేవమనడానికి నోరు తెరిచింది. అతని చేతికర్ర చూసి మూసుకుంది.

చేతికర్ర అనడానికి కూడా లేదు. గణుపులు గణుపులుగా, పొయ్యిలోకి ఏరుకొచ్చిన పుల్లలా ఉంది. అరచెయ్యి గీరుకోకుండా పైకొసకి మైనం పూశాడు. జారకుండా కిందికొసకి గుడ్డ చుట్టాడు.

"ద్రాక్షతోటల్లో పుట్టినవాడివి. డబ్బు కట్టి మరీ ద్రాక్షతోటలు చూట్టానికొచ్చావా పెద్దాయనా?" అంది మిర్తా వెనక సీట్లోంచి.

"నువ్వింట్లో కాఫీ కాచుకోవా? హోటల్లో ఎందుకు తాగుతావు మరి?"

గైడు నెలిదా మైకు అందుకుంది. "బరిలోచే దాటితే చిలీ. వాళ్ళు పండు రానివ్వరు, విత్తనం రానివ్వరు, మొక్క రానివ్వరు. పోయినసారి ఒకావిడ జాకెట్లో చీజు ముక్క దాచింది. మళ్ళీ అలాంటిది జరిగితే నా ఉద్యోగం ఉండదు. మీ పుణ్యం ఉంటుంది, ఎవరూ ఏమీ దాచకండి."

బస్సు మొదట ఆగిన ద్రాక్షతోటలో అందరికీ వైను పోశారు. బసీలియో ఒక గుటక పుక్కిలించి ఊసేశాడు. "సీసా కడిగిన నీళ్ళు" అన్నాడు. పోసినవాడు మొహం ముడుచుకున్నాడు.

ఊరు దాటుతుంటే రోడ్డు పక్క పొలంలో యంత్రం ద్రాక్షమోళ్ళు పెకలిస్తోంది. బసీలియో తల అటు తిప్పలేదు.

"మీదేనా?" అంది నెలిదా.

"మా నాన్నది. కాలవలో మా వంతు నీళ్ళు రావడం మానేశాయి. అమ్మేశాను. ఇళ్ళు కడతారట."

"మీకెవరూ లేరా?"

"చెల్లెలుంది. సరిహద్దు అవతల సరస్సు ఒడ్డున నీ బస్సు టీకి ఆగుతుందే, ఆ ఇల్లు దానిదే. చిలీవాణ్ణి చేసుకుని పోయింది. పోతూ పోతూ నాన్న పెట్టిన తీగ నుంచి ఒక కొమ్మ అడిగింది. ఒక్క ఆకు కూడా రాదు పొమ్మన్నాను. అప్పట్నుంచీ మాటల్లేవు."

నెలిదా అతని సూట్‌కేసు వైపు ఓసారి చూసింది.

దారి పొడుగునా బసీలియోది ఒకటే పని. నీళ్ళు కనబడితే చాలు, దిగి కర్ర ముంచుతాడు. నదైనా సరే, ఊరి మధ్య ఫౌంటెనైనా సరే. బరిలోచేలో అందరూ మంచుకొండల ఫొటోలు తీసుకుంటుంటే ఇతను సరస్సులో కర్ర ముంచి నిలబడ్డాడు.

"లోతు కొలుస్తున్నావా?" అంది మిర్తా.

"కాళ్ళు కడుక్కుంటే నువ్వూరుకోవుగా. కర్ర కడుగుతున్నా."

అందరూ నవ్వారు. నెలిదా నవ్వలేదు. హోటల్ వరండాలో అతన్ని ఆపింది.

"సూట్‌కేసు తెరవండి."

"నా లాగులు చూస్తావా?"

"చూస్తాను."

లాగుల కింద తడి పేపరు చుట్టిన కట్ట ఉంది. విప్పింది. పెన్సిలంత లావు ద్రాక్షకొమ్మలు.

"నాకు తెలుసు" అంది నెలిదా.

"అమ్మాయ్, పొలంలో మోడు కూడా మిగల్లేదు. మా నాన్న తీగ ఇంతటితో ఆఖరు. చూడనట్టు ఊరుకో."

"నా పొట్ట కొడతారా?"

ఆమే స్వయంగా కట్టని చెత్తడబ్బాలో పడేసింది. బసీలియో అరిచాడు. కర్రతో నేలని కొట్టబోయి ఆగాడు. మర్నాడు ఆమె కాఫీ తెచ్చిస్తే తాగలేదు.

సరిహద్దులో మంచు పడుతోంది. సంచులన్నీ వరసగా పెట్టించారు. కుక్క వచ్చింది. బసీలియో సూట్‌కేసు వాసన చూసి ముందుకెళ్ళింది. నెలిదా ఊపిరి పీల్చుకుంది. కుక్క నేరుగా మిర్తా చేతిసంచి ముందు కూర్చుంది.

"అబ్బే, అందులో ఏముంటుంది" అంది మిర్తా.

అరచేతంత సలామీ మాంసం ముక్క ఉంది.

"నిన్న సాయంత్రమే తినేద్దామనుకున్నాను" అంటూ మిర్తా అధికారికి చెప్పుకుంటోంది. నెలిదా మధ్యలో దూరి బతిమాలింది. సలామీ తీసుకుని, చివాట్లు పెట్టి వదిలేశారు.

"బూటు తాడు ఊడింది. ఇది పట్టుకో అమ్మాయ్" అన్నాడు బసీలియో. ముందు రోజు తర్వాత అదే మొదటి మాట. నెలిదాకి మనసు కరిగింది. అతను తాడు కట్టుకున్నాక, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో అతని జబ్బ పట్టుకుని గేటు దాటించింది.

"మీ నాన్నగారా?" అన్నాడు అధికారి.

"నేనేం పాపం చేశానండీ" అంది.

టీ ఇంటి గుమ్మంలో ఒఫేలియా నిలబడి ఉంది. చేతులనిండా పిండి. మెట్లెక్కి వస్తున్న అన్నని కింద నుంచి పైదాకా చూసింది.

"కుంటివాడివయ్యావు."

"నువ్వు ముసలిదానివయ్యావు."

"తోట?"

"పోయింది."

"నాన్న తీగ?"

నెలిదా తల దించుకుంది. "తెచ్చారమ్మా. నేనే పారేశాను" అంది.

ఒఫేలియా పిండి చేతులు తుడుచుకుంది. "ఒక్క ఆకు కూడా రాదన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు" అంది.

బసీలియో కుంటకుండా మెట్లు దిగి, కర్రకి చుట్టిన తడిగుడ్డ విప్పి, ఆ కర్రని ఆమె వంటింటి కిటికీ కింద జానెడు లోతున పాతి, మడమతో చుట్టూ మట్టి నొక్కి, "మూడేళ్ళకి కాస్తుంది, అప్పటిదాకా చావకు" అన్నాడు.