తునికాకు వాసన

"తాగకు. ముందు ముక్కు పెట్టు," అంది సత్యశ్రీ.

పరమేశ్ గ్లాసులో ముక్కు పెట్టాడు. గురువారం పరీక్ష. అందులో తప్పితే ఊరికి టికెట్టే.

గల్ఫ్‌లో, మనామాలోని ఒక పెద్ద హోటల్లో అతను గ్లాసులు కడిగేవాడు. అంతకు ముందు కన్‌స్ట్రక్షన్ పనిలో పరంజా మీంచి పడ్డాడు. అప్పటినుంచి ఎడమ భుజం బరువు ఎత్తదు. ఇప్పుడు గ్లాసులు కడిగే మిషను వచ్చింది. మేనేజరు ఒకే దారి చూపించాడు. వైను సంగతి తెలిస్తే డైనింగ్ హాల్లోకి తీసుకుంటాడు, లేదంటే ఖలాస్. జగిత్యాల దగ్గరి ఊళ్లో ఒంటి భుజంతో ఏ కూలి దొరుకుతుంది? ఆ ఆలోచనతో పది రోజులుగా అన్నం దిగడం లేదు.

పైగా అతనికి తెలిసిన వైన్స్ అంటే ఊళ్లో బీరూ బ్రాందీ అమ్మే దుకాణం. అందులో వైను మాత్రం ఎన్నడూ చూడలేదు.

సత్యశ్రీది రాజోలు. పన్నెండేళ్లుగా ఆ హోటల్లో వైను చూసేది ఆమే. ఏ సీసా తెరిచినా ఆమె బాగుందంటేనే బల్ల మీదికి వెళుతుంది. ఆమె మాటకు తిరుగులేదు. అలాంటి మనిషి గ్లాసులు కడిగేవాడికి పాఠం చెబుతానంది. రోజూ మూడింటికి, కొత్త సీసాలు తెరిచే వేళకు రమ్మంది.

"తెల్లగుడ్డ మీద వంచి రంగు చూడు. అంచు ఇటుకరంగుకి తిరిగితే పాతదని. తీపి, పులుపు, వగరు నాలిక చెప్పేద్ది. మిగతాదంతా ముక్కు పనే. ఏం వాసనొస్తుందో చెప్పు."

"ఇంగ్లీషు పేర్లు నాకు రావక్కా."

"నీకొచ్చిన పేర్లే చెప్పు."

"అల్లనేరేడు పండ్లు. జరంత మిర్యాలు. ఇగ ఎనుకకెల్లి తునికాకు. మా అవ్వ బీడీలు చేస్తది. ఆకు తడిపి గోనెల చుట్టి పెడితే గిట్లనే వస్తది."

"తడాకా, ఎండాకా? సరిగ్గా చెప్పు."

"తడిదే అక్కా."

ఆమె నోటుబుక్కులో రాసుకుంది. తప్పో ఒప్పో చెప్పలేదు. ఏ రోజూ చెప్పేది కాదు. పెద్ద పనివాళ్లు అంతే కాబోలు అనుకున్నాడు.

గురువారం పొద్దుటినుంచీ అతనికి వంటగదిలో డ్యూటీ పడింది. కొత్త సీసాలు సత్యశ్రీ ఒక్కతే తెరిచింది. నాలుగింటికి మేనేజరు మూడు గ్లాసులు పోసి పిలిచాడు.

మొదటి రెండూ ఎలాగో గట్టెక్కాడు. మూడో దాంట్లో ముక్కు పెట్టగానే వెనక్కి తీసేశాడు. బూజు. కట్టలకు కట్టలు తునికాకు వానకు తడిసి ముక్కిపోయిన కంపు. ఒక ఏడాది అవ్వ ఏడ్చుకుంటూ పెంటకుప్ప మీద పారబోసింది ఆ ఆకునే.

కానీ సీసా మెడకు సత్యశ్రీ చీటీ వేలాడుతోంది. బాగుంది అని రాసి, సంతకం పెట్టి ఉంది.

బాగాలేదంటే పాఠం చెప్పిన మనిషిని అబద్ధం చేసినట్టు. ఆమెకేసి చూశాడు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెప్పమంటోందో వద్దంటోందో అర్థం కాలేదు.

"సర్, యే ఖరాబ్ హై," అన్నాడు, పోతే పోనీ అనుకుని.

మేనేజరు గ్లాసు లాక్కుని వాసన చూశాడు. మొహం చిట్లించి సత్యశ్రీ వైపు తిరిగాడు.

"నువ్వు బాగుందని రాశావే?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "కావాలనే రాశాను సర్. నా చీటీ చూసి జంకుతాడో, తన ముక్కును నమ్ముతాడో చూద్దామని."

మేనేజరు నవ్వాడు. "పాసయ్యాడు. రేపటినుంచి పై అంతస్తు డైనింగ్ హాల్లో డ్యూటీ."

"వద్దు సర్, ఇక్కడే కింది హాల్లో నా షిఫ్టులో ఉంచండి. మీకు దండం పెడతాను," అంది ఆమె. "ఇంకా నేర్పాల్సింది చాలా ఉంది."

సత్యశ్రీ ఎవరినైనా బతిమాలడం ఆ హోటల్లో ఎవరూ చూసి ఎరగరు. మేనేజరు సరేనన్నాడు.

పరమేశ్‌కు కళ్లనీళ్లు ఆగలేదు. సొంత అక్కయినా తనకోసం ఇంత చేయదనుకున్నాడు. మర్నాడు పాత బజారుకు నడిచి వెళ్లి అత్తరు కొన్నాడు. సీసా మీద మల్లెపూల బొమ్మ ఉంది. మూడింటికి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీ అసుంటి ముక్కుకు ఏం తేవాల్నో తెల్వలేదక్కా. గిది జర సూడు."

సత్యశ్రీ బొమ్మకేసి చూసింది. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

"మల్లెలు. మా లంకలో పొద్దుగూకే వేళ అచ్చం ఇలాగే వచ్చేది. ప్రాణం లేచొచ్చింది తమ్ముడూ."

పరమేశ్ ఆ సీసాను చూస్తూ ఉండిపోయాడు. దుకాణంవాడు బిగించిన సీలు దాని మూతకు ఇంకా అలాగే ఉంది.