విమానం గుద్దిన బోర్డు

అద్దాల బిల్డింగు ఓపెనింగు ఉందని, పైనుంచి పూలు చల్లనీకి విమానం తెచ్చిండ్రు కంప్యూటరోళ్లు. అదేం విమానమో! ఎన్కట మిలిటరీల పైలట్లకు పని నేర్పిన డొక్కు. రెక్క మీద రెక్క, దాని మీద కొత్త రంగు. ముసలి ఎద్దు కొమ్ములకు రంగేసినట్టు.

అది పూలు చల్లకముందే కొండాపూర్ల నా మెట్ట చెల్క మీదికి జారి, నడుమ పాతిన ఇనుప బోర్డును గుద్దుకొని బోర్ల పడ్డది. గట్టు అవతల నిలబడ్డ నేనే ఉరికి, నడిపే సారును బయటికి గుంజిన. కాలిరిగింది గని పానం దక్కింది.

ఆ బోర్డు పాతినోడు ఓంకార్, ప్లాట్ల బేరగాడు. "ఈ స్థలం మాది, లోపలికొస్తే కేసు" అని రాయించిండు. పేరు మాత్రం రాయించలే. దొంగకు గంత ధైర్యం ఏడుంటది? మూడేండ్ల సంది నా చెల్కల నన్నే కాలు పెట్టనిస్తలేడు.

ఎస్సై వచ్చి పంచనామా రాయనీకి కూసున్నడు. "ఇంత ఎత్తు బోర్డు ఎవరు పాతిండ్రు? జాగ ఎవరిదైతే వాళ్ల మీదనే కేసు."

ఓంకార్ మొఖం సున్నమేసిన గోడ లెక్క అయింది. "నాకేం సంబంధం లేదు సార్! జాగ చంద్రమ్మది. తాతల కాలం సంది వాళ్లదే. ఊరంత ఎరుకే" అని నా దిక్కు వేలు చూపిచ్చిండు.

"ఏం చంద్రమ్మా, నిజమేనా?" అన్నడు ఎస్సై.

"నిజమే సారూ. కేసు నా మీదనే రాయుండ్రి. గీయన చెప్పింది గూడ రాసి, సంతకం తీసుకోండ్రి."

నేనెక్కడ మాట మారుస్తనో అని ఓంకార్ ఉరికొచ్చి సంతకం పెట్టిండు.

ఎల్లుండి కోర్టుల మా ఇద్దరి జాగ కేసు వాయిదా ఉన్నదని ఆ తెలివిగల్లోనికి నేనే యాది చేసిన.