ఇన్‌స్పెక్టరమ్మ నోటుపుస్తకం

“ఆటలక్కా, మీకు కోపమొస్తే చెయ్యి చేసుకుంటారా?”

రంగుకాగితం కత్తిరిస్తున్న ఆటలక్క చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా తొమ్మిదేళ్ళ పిల్ల. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఒళ్ళో నీలం అట్ట నోటుపుస్తకం. ఎప్పుడూ ఏదో ఒకటి ఆరా తీస్తుంటుందని ఆ పిల్లకి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టింది ఆటలక్కే. ఆ ముద్దుపేరు ఇప్పుడు తన మెడకే చుట్టుకునేలా ఉంది.

“ఎందుకడుగుతున్నావు?”

“ఊరికే.”

ఊరికే అడిగే పిల్ల జవాబు రాసుకుంటుందా?

సైనికుల క్వార్టర్స్ మధ్యనున్న ఆ హాల్లో, బడి వదిలింది మొదలు చీకటి పడేదాకా పాతికమంది పిల్లలు ఆటలక్క చేతిలో ఉంటారు. తల్లో తండ్రో దూరాన డ్యూటీలో ఉన్న పిల్లలు కాగితపు గొలుసులు చేసి గోడకి వేలాడదీస్తారు. రోజుకొక లంకె తెంపుతారు. గొలుసు అయిపోయేసరికి మనిషి ఇంటికి రావాలి. ఇన్‌స్పెక్టరమ్మకి గొలుసు లేదు. వాళ్ళమ్మ ఇక్కడే, ట్రక్కులు బాగుచేసే విభాగంలో సార్జెంటు. తండ్రి సంగతి ఎవరికీ తెలీదు. చేరినప్పటి దరఖాస్తులో ఆ చోట అడ్డగీత ఉంది, అంతే.

ఆటలక్కది పార్ట్‌టైము ఉద్యోగం. అలాంటివాళ్ళు ఇద్దరుంటే, ఒకరినే పర్మినెంటు చేస్తామనీ, పిల్లల తల్లిదండ్రులు ఏమంటారో విన్నాకే తేలుస్తామనీ మేనేజరు చెప్పి మూడు వారాలైంది. ఆ మాట కోసం మూడేళ్ళుగా కాచుక్కూర్చున్న మనిషికి, సరిగ్గా అప్పటినుంచే ఒక పిల్ల పుస్తకం పట్టుకుని వెంటబడితే అనుమానం రాదూ?

మర్నాడు ఇంకో ప్రశ్న.

“మీకు జ్వరమొస్తే ఎవరు చూసుకుంటారు?”

“మా పిన్ని.”

“మీరు నిద్రలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే వెంటనే లేస్తారా?”

“ఓహో! డ్యూటీలో కునుకు తీస్తున్నానని ఎవరైనా చెప్పారా?”

“లేదక్కా. లేస్తారా, లేవరా?”

“లేస్తాను తల్లీ, లేస్తాను.”

“ఈ ఊరొదిలి ఎప్పుడైనా వెళ్ళిపోతారా?”

ఆటలక్క కత్తెర పక్కన పెట్టేసింది. సెలవులెన్ని పెడుతుంది, ఆరోగ్యం ఎలా ఉంది, మధ్యలో మానేస్తుందా? ఇవి పిల్ల బుర్రలో పుట్టే ప్రశ్నలు కావు. వెనక ఎవరో ఉన్నారు.

పిల్ల మంచినీళ్ళకి వెళ్ళిన సందులో తెరిచివున్న పేజీ కంటబడింది. ‘కోపం: రెండుసార్లు. సారీ చెప్పడం: రెండుసార్లు. అబద్ధం: ఒకటి, చిన్నది.’

అబద్ధమంటే ఒళ్ళు మండింది. చిన్నదంటే ఇంకా మండింది.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే కాచుకునుంది.

“యూనిఫాంలో ఒకావిడ వచ్చిందే! ఇల్లుగలావిడని నిలబెట్టి గంటసేపు వాకబు చేసింది. ఎన్ని గదులు, ఎన్నేళ్ళనుంచి ఉంటున్నారు, వాళ్ళింటికి ఎవరెవరు వస్తుంటారు... ఒకటా, రెండా?”

“చేతులకి గ్రీజు మరకలున్నాయా?”

“ఆఁ! నీకెలా తెలుసు?”

“ఇంకెవరు, సార్జెంటు. ఆ పిల్ల తల్లి.”

“అయితే నీ కొంప ముంచడానికి తల్లీకూతుళ్ళిద్దరూ కంకణం కట్టుకున్నారన్నమాట. ఆ రెండో పార్ట్‌టైము ఆయనే ఎగదోసుంటాడు, చూస్తూ ఉండు.”

ఆటలక్కకి అన్నం సయించలేదు.

మర్నాడు హాల్లో అడుగుపెడుతూనే నేరుగా ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“ఆ పుస్తకం ఇలా ఇవ్వు.”

పిల్ల దాన్ని గుండెకి హత్తుకుంది. “అమ్మ ఎవరికీ చూపించొద్దంది.”

“ఇవ్వమంటున్నానా!”

పిల్లలంతా ఇటు తిరిగారు. కళ్ళజోడు వెనక నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూశాక ఆటలక్కకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఉద్యోగం పోతే పోనీ, చిన్నపిల్ల మీద ఇంత అరుపా? పక్కన చతికిలబడి, “తప్పు నాదే, అలా అరవకూడదు” అంది.

పిల్ల చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుంది. పుస్తకం తెరిచి ఏదో గీసింది.

“ఇది కూడా రాశావా?”

“రెండూ రాశాను.”

శనివారం సార్జెంటు ఫైలు పట్టుకుని వచ్చింది. ఆటలక్క ఆవిణ్ణి సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

“మా అమ్మాయి మూడు వారాలుగా మీ గురించి రాస్తోంది.”

“కనబడుతూనే ఉంది. మీరు మా ఇంటిదాకా వచ్చారట కూడా.”

“వచ్చానండీ. రాక తప్పలేదు.”

“చూడండి, ఫిర్యాదు చెయ్యాలనుకుంటే మేనేజరుగారికి చెయ్యండి. ఈ పిల్లల్ని నేనెలా చూసుకున్నానో నాకు తెలుసు. చిన్నపిల్ల చేత గూఢచారి పని చేయించడం ఏం మర్యాద?”

సార్జెంటు తలవంచుకుంది. “ఆ ఆలోచన నాది కాదు, తనదే. నేను ఎంచితే ఒప్పుకోనంది.”

“ఏమిటి ఎంచేది?”

ఆవిడ ఫైలు ముడి విప్పింది. అందులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టింది.

“సోమవారంలోపు ఆఫీసులో ఇవ్వాలి. మీకిష్టం లేకపోతే చింపెయ్యండి. నేనేమీ అనుకోను.”

మూడేళ్ళ కష్టాన్ని ఏ మాటలతో తుడిచిపెట్టారో చదివే తీరాలనుకుంది ఆటలక్క. కాగితం అందుకుంది. పిల్ల పేరు, పుట్టినతేదీ, రక్తం గ్రూపు. తల్లి సరిహద్దుకి బయలుదేరే రోజు. దగ్గరి బంధువులు: ఎవరూ లేరు. వేలు ఒక్కో వరుసా దిగుతూ చివరి గడి దగ్గర ఆగింది.

తల్లి తిరిగి రాకపోతే పాప ఎవరి దగ్గర పెరగాలి అన్న ఆ గడిలో ఆటలక్క పేరుంది.