ఆరు గంటల లైవ్

“ఎన్నయినయిరా?”

“నీ ఫొటో కింద కామెంట్లు రెండువేలు దాటినయి. స్టేటస్‌లకైతే లెక్కనే లేదు.”

శైలేందర్ ఇచ్చిన ఫోన్‌ని చిరంజీవి రెండు చేతులతో అందుకున్నాడు. తన ఫోన్ నిన్న పొద్దున్నే ఆపేశాడు. సిద్దిపేట లెక్కలో అతను నిన్న పొద్దున్నే చచ్చిపోయాడు.

అంతా పోయిన వారం పుట్టినరోజుతో మొదలైంది. బట్టల షాపులో తోటివాళ్లవీ, కాలేజీ దోస్తులవీ ఎవరి పుట్టినరోజు వచ్చినా చిరంజీవి వాళ్ల ఫొటో స్టేటస్‌గా పెట్టేవాడు. ఒక్కటీ మరిచిపోలేదు. అతని పుట్టినరోజుకి మాత్రం ఫొటో పెట్టింది ముగ్గురే. ఒకడు శైలేందర్, ఒకరు మేనమామ. మూడోవాడు తనే. తనలో ఏం తక్కువైందోనని ఆ రోజు పదిసార్లు అద్దం చూసుకున్నాడు.

“నువ్వు లేకపోతే అప్పుడు తెలుస్తదిరా నీ విలువ,” అన్నాడు శైలేందర్.

తొగుట దగ్గర రిజర్వాయర్ కట్ట మీద బైకు, పక్కన చెప్పుల జత. అంతే. కట్ట మీద ఆ రెండూ కనబడితే ఈ చుట్టుపక్కల మూడో సాక్ష్యం అడిగేవాళ్లు లేరు. చిరంజీవి అక్కడికి దగ్గర్లోనే, శైలేందర్ బాబాయి వాళ్ల పాత కోళ్ల షెడ్డులో దాక్కున్నాడు. కోళ్లు పోయి ఏడాదైనా వాసన పోలేదు. అతనక్కడ ఉన్నట్టు శైలేందర్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

“బంగారమసొంటి పిల్లగాడు అని మా షాపు సంగీత పెట్టిందిరా! పుట్టినరోజు నాడు ఒక్క మెసేజ్ పెట్టలే.”

“కింద చూడు. నీ నవ్వు మర్చిపోలేనంటుండు రమాకాంత్.”

“వాడు నా మొఖం దిక్కు ఎప్పుడన్న చూసిండారా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే చిరంజీవి కళ్లు ఇంకో అంకె మీద ఆగిపోయాయి. మొన్నటిదాకా శైలేందర్ ఛానల్‌కి మూడువందల మంది. ఇప్పుడు నలభై ఒక్క వేలు. ‘నా సోపతిగాన్ని వెతుకుతున్న’ అంటూ నిన్నటి నుంచి కట్ట మీద ఏడు లైవ్‌లు పెట్టాడు. చిరంజీవికి మనసు చివుక్కుమంది. చచ్చింది తను, పెరిగింది వీడు.

“మంచిగనే ఏడ్చినవు పో.”

“నిజంగనే ఏడుపొచ్చిందిరా. గన్ని లైకులు నా జన్మల చూడలే.”

తర్వాతి వీడియోలో తల్లి అమృతమ్మ ఉంది. కొడుకు చెప్పులు ఒళ్లో పెట్టుకుని నీళ్లతో మాట్లాడుతోంది.

“బిడ్డా, నిన్నటి సంది బుక్కెడు తినలేదు గదరా. సలి పెడ్తలేదా? లేసి రారా...”

చిరంజీవి ఫోన్ పక్కన పెట్టేశాడు.

“ఇగ సాలురా. ఇంటికి పోత.”

“పో. ఎవలొద్దన్నరు?” శైలేందర్ తాపీగా అన్నాడు. “పోయి ఏం చెప్తవు? గమ్మతుకు చేసిన అంటవా? గీ రెండువేల మందే రేపు నీ మొఖం మీద ఉమ్మేస్తరు.”

చిరంజీవి మళ్లీ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్లకు దొరికిన మంచిమాటలు. అవన్నీ తిట్లుగా మారిపోతే?

“మరెట్లరా?”

“కాలు జారి పడ్డ, కొట్టుకపోయి అవతల తేలిన, నడవ శాతకాక పడున్న అను. నిండ తడవాలె, బురద పట్టాలె. నేనే వెతికి పట్టుకున్నట్టు లైవ్ పెడ్త. నీకింత పేరు, నాకింత పేరు.”

అయిదున్నరకి ఇద్దరూ కట్ట చివర నీళ్ల దగ్గరికి దిగారు. అటు మనిషి అలికిడి లేదు. గజ ఈతగాళ్ల పడవ ఎక్కడో అవతల చుక్కలా ఉంది.

“నాకు ఈత రాదురా.”

“నడుముల మట్టుకే దిగు. నేనున్న గద.”

శైలేందర్ ఫోన్‌ని ఒక రాయికి ఆనించి పెట్టాడు. ఇంకా ఆన్ చెయ్యలేదు. తనూ నీళ్లలోకి దిగి చిరంజీవి పక్కకు వచ్చాడు.

“ఇంకో అడుగు.”

నీళ్లు ఛాతీదాకా వచ్చాయి. కాళ్ల కింద పాకుడు రాయి కదిలింది. చిరంజీవి వణుకుతూనే అడిగాడు.

“ఎంతమంది చూస్తరురా?”

“లక్ష దాటుతరు. ఆరింటికని పొద్దుగాలనే చెప్పి పెట్టిన.”

లక్ష మంది! తన కోసం! అంత చలిలోనూ చిరంజీవికి ఒళ్లు వెచ్చబడింది. తడిచేత్తో జుట్టు సరిచేసుకున్నాడు.

“ఏమని చెప్పినవురా?”

భుజం మీదున్న శైలేందర్ చెయ్యి మెల్లగా మెడ మీదకి వచ్చింది.

“శవం దొరికిందని.”