రంగు పూసిన రాయి

బడి వెనకాల శాసనం రాయి దగ్గర ఎవడో ముసలోడు అంజనం వేస్తున్నాడంట.

ఈ మాట పక్కింటి పంకజాక్షి పాలకేంద్రం దగ్గర వినింది. విన్నదానికి ఇంకో నాలుగు చేర్చి, గోడ మీదుగా కోమలికి అందించింది.

"నల్లగా ఏందో పూస్తా ఉండాడంట టీచరమ్మా. రాయి కింద నిధి ఉండాదో లేదో సూసేదానికంట. నాకేం తెలుసు, వాళ్లన్నారు!"

కోమలికి కంగారు పుట్టింది. నిధి గురించి కాదు. ఆ రాయి శుక్రవారం ఆమెకు కావాలి.

కోమలి ఆ ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు. పోయిన ఏడాది ఆమె మాదిరి పాఠం చెబుతుంటే సగం క్లాసు ఆవలించింది. చూడ్డానికి వచ్చిన ఎంఈఓ, మండలంలోని టీచర్లందరి ముందూ అడిగాడు.

"చరిత్ర చెప్తా ఉండావా, జోల పాడతా ఉండావా తల్లీ?"

ఆ నవ్వులు ఇంకా ఆమె చెవుల్లోంచి పోలేదు.

అందుకే ఈసారి శుక్రవారం మాదిరి పాఠానికి నెల ముందే ప్లాను రాసుకుంది. పాఠం 'చరిత్రకు ఆధారాలు'. చెప్పేది గదిలో కాదు, రాయి దగ్గరే. రాయికి తెల్ల పెయింటు, అక్షరాలకు ఎర్ర పెయింటు. ఒకడు రాజు, ఇద్దరు భటులు, దండోరా వేయడానికి ఒకడు. అట్ట కిరీటానికి బంగారు కాగితం కూడా అంటించింది.

బుధవారం పొద్దున రంగు డబ్బాలు పట్టుకుని ఎనిమిదో తరగతి పిల్లలు వెంట రాగా, రాయి దగ్గరికి పోయింది.

ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాయికి తడి కాగితం అతికించి, బ్రష్షుతో టపటపా కొడుతున్నాడు. పైసగానికి అప్పటికే నల్లరంగు అద్ది ఉంది. పక్కన గిన్నెలో మిగిలిన రంగు, అద్దడానికి గుడ్డతో చుట్టిన ఉండ.

"ఎవరు నువ్వు?"

"ఏకాంబరం అంటారమ్మా. అచ్చు తీస్తా ఉండా. ఆరేదాకా ముట్టుకోవద్దు."

"గవర్నమెంటు మనిషివా?"

"ఒకప్పుడు. రిటైరై తొమ్మిదేండ్లు."

అప్పటికే వార్డు మెంబరు దేవరాజులు నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఆ నల్లరంగు ఎందుకప్పా? అంజనం కాదా అది?"

"కాయితం మీద అద్దితే అక్షరం తెల్లగా తేల్తాది నాయనా. చదివేదానికి వీలవతాది."

"చదివినాక గునపం తెస్తావా, జేసీబీ తెస్తావా?"

అందరూ నవ్వారు. ముసలాయన కూడా కొంచెం నవ్వాడు.

కోమలి నవ్వలేదు. "నిన్ను ఈడికి ఎవరు రమ్మన్నారు?"

వెనక పిల్లల్లోంచి మోక్షిత ఒక అడుగు ముందుకు వేసింది. "టీచర్, అదీ..."

"లైన్లో నిలబడు! పెద్దోళ్ల మాటల్లో నీకేం పని?"

పిల్ల తల వంచుకుంది. ముసలాయన ఆ పిల్లను చూశాడు. తర్వాత కోమలిని చూశాడు.

"ఎవరూ రమ్మనలేదమ్మా. నా అంతట నేనే వచ్చినా."

"ఇన్నారు కదా!" అన్నాడు దేవరాజులు.

కోమలే ముందుకు పోయి కాగితాన్ని పట్టి లాగింది. తడి కాగితం రెండు ముక్కలై చేతికొచ్చింది. ముసలాయన చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకున్నాడు. బ్రష్షు సంచిలో పెట్టుకున్నాడు.

దేవరాజులు ఆయన్ను రోడ్డు దాకా నడిపించి, చిత్తూరు బస్సు ఎక్కించాడు. మెట్టు మీద కాలు పెట్టి ఆయన వెనక్కి తిరిగాడంట.

"రాయికి రంగు మాత్రం పుయ్యొద్దని టీచరమ్మకు చెప్పు నాయనా. ఇప్పటికే అరిగిపోయుండాది."

దేవరాజులు వచ్చి ఆ మాట చెప్పేసరికి కోమలి చేతిలోని ముక్కల్ని విప్పి చూస్తోంది. నల్లరంగు అద్దిన మేర తెల్లటి అక్షరాలు. ఎవరో నిన్ననే రాసినట్టున్నాయి. రాయి మీద ఇన్నేళ్లలో ఆమెకు ఒక్కటీ ఇంత తేటగా కనబడలేదు.

అంజనం వేసేవాడికి అక్షరాలతో ఏం పని?

కోమలి రోడ్డు వైపు చూసింది. బస్సు ఇంకా పూతలపట్టు దాటి ఉండదు. బైకు మీద ఒకర్ని పంపిస్తే అందుకోవచ్చు. కానీ పొరపాటు పడ్డానని దేవరాజులు ముందు చెప్పాలి. పిల్లల ముందు చెప్పాలి.

ముక్కల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసింది.

"డబ్బా మూతలు తియ్యండి," అంది పిల్లలతో.

శుక్రవారం రాయి పెళ్లికూతురులా వెలిగిపోయింది. రాజు మీసం ఊడినా మాట తడబడలేదు. ఎవరూ ఆవలించలేదు. ఎంఈఓ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

తర్వాత లేచి రాయి దగ్గరికి పోయి కూర్చున్నాడు. పిల్లలు తోచినట్టు దిద్దిన ఎర్ర అక్షరాల మీద వేలు నడిపాడు.

"బాగుండాది తల్లీ. ఇంతకీ ఇందులో ఏం రాసుండాది?"

"రాజుగారు భూమి దానమిచ్చినట్టు సార్..."

"ఏ రాజు? ఎవరికి?"

కోమలి ఎర్ర అక్షరాల వైపు చూసింది.

ఎంఈఓ గోటితో గీకాడు. పెయింటు గట్టిపడి ఉంది. "గాట్లన్నీ పూడిపోయినాయి కదమ్మా. ఇంక ఎంత తెలిసినోడు వచ్చినా దీన్ని చదవలేడే. రంగు పూసే ముందు ఎవరికన్నా చూపించాల్సింది."

టీచర్లంతా ఆమె వైపే చూస్తున్నారు. కోమలి ముఖం మంటెత్తింది. అయినా నోరు ఊరుకోలేదు.

"చదివేవాళ్ల కోసం చానా ఎతికినాము సార్. ఎవరూ దొరకలేదు."

వెనక వరసలో మోక్షిత లేచి నిలబడింది.

"దొరికినాడు సార్. టీచర్ బస్సెక్కించి పంపేసిన తాతే, మా రాయి చదివి పాఠం చెప్పమని నేను మ్యూజియంకు కార్డు రాస్తే వచ్చినాయన."